సేఫ్ మోడ్‌లోకి పోవడం ఒక ఎత్తు, బయటికి రావడం ఒక ఎత్తు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో లెక్కలు రాస్తాను. మిర్చి సీజన్‌లో మా దగ్గర కంప్యూటర్ ఆగితే రైతు కూడా ఆగిపోతాడు. కాంటా అయిన బస్తాల లెక్క అందులోకి ఎక్కి తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే లెక్క చీటీ, ప్రింట్ వస్తేనే ఆయన చేతికి డబ్బు. సరిగ్గా తేజా రకం జోరుగా వస్తున్న రోజుల్లో మా ల్యాప్‌టాప్‌లో డిస్‌ప్లే డ్రైవర్ (తెరను నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయింది. మర్నాడు పొద్దున ఆన్ చేస్తే విండోస్ గుర్తు కనిపించింది, ఆ వెంటనే తెర నల్లబడింది. ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, తెర మీద మాత్రం ఏమీ లేదు.

పెద్దపల్లిలో కంప్యూటర్లు బాగుచేసే మా బామ్మర్దికి ఫోన్ చేశాను. "టెన్షన్ పడకు బావా. తెరే పోయి ఉంటే ఆ గుర్తు కూడా రాదు. డ్రైవర్ దగ్గర తేడా కొట్టినట్టుంది, సేఫ్ మోడ్‌లోకి పోయి చూద్దాం" అన్నాడు.

సేఫ్ మోడ్ అంటే విండోస్ తనకు తప్పనిసరైన వాటితో మాత్రమే లేవడం. మనం ఎక్కించిన డిస్‌ప్లే డ్రైవర్‌ను పక్కన పెట్టి, తన దగ్గరున్న సాదా డ్రైవర్‌తో తెర చూపిస్తుంది. సౌండ్ రాదు, ప్రింటర్ కదలదు, నెట్‌వర్కింగ్ ఉన్న రకం ఎంచుకుంటే తప్ప నెట్ ఉండదు. అక్కడ తెర బాగా కనిపించిందంటే తప్పు మనం తర్వాత ఎక్కించిన వాటిలోనే ఉండే అవకాశం ఎక్కువ.

ఎక్స్‌పీ, విండోస్ 7 రోజుల్లో ఆన్ చేస్తూనే ఎఫ్8 నొక్కితే సరిపోయేది. విండోస్ 8 నుంచి ఆ దారి మామూలుగా మూసే ఉంటుంది. ఇప్పుడు లాగిన్ తెర కనిపిస్తుంటే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కాలి. మాకు ఆ తెర కూడా లేదు కాబట్టి వేరే దారి పట్టాం. గుర్తు రాగానే పవర్ బటన్‌ను ఆరిపోయేదాకా, ఓ 10 సెకన్లు నొక్కి పట్టాలి. ఇలా వరసగా రెండుసార్లు చేస్తే, ఆ తర్వాత ఆన్ చేసినప్పుడు విండోస్ తనంతట తానే ఆటోమేటిక్ రిపేర్‌లోకి వెళ్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ట్రబుల్‌షూట్, మళ్లీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. తర్వాత వచ్చే పట్టికలో 4 నొక్కితే సేఫ్ మోడ్, 5 నొక్కితే నెట్‌తో సహా.

అయితే ఆ పట్టిక కంటే ముందే నీలం తెర వచ్చి బిట్‌లాకర్ రికవరీ కీ అడిగింది. బిట్‌లాకర్ అంటే డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం. 48 అంకెలు! ల్యాప్‌టాప్‌ను మొదట మా సేటు బిడ్డ తన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెట్టింది, కీ కూడా ఆ అకౌంట్‌లోనే ఉంది. ఆమె హైదరాబాద్‌లో చదువుతోంది. ఫోన్ చేస్తే, క్లాసులోంచి బయటికి వచ్చి తన అకౌంట్ తెరిచింది. తెర మీదున్న కీ ఐడీలో మొదటి 8 అక్షరాలు నేను చదివాను, ఆమె తన దగ్గరున్న దాంతో సరిచూసుకుంది. "రాసుకోండి అంకుల్, ఆరేసి అంకెలు చెప్తా" అని మెల్లగా చదువుతుంటే చిట్టా పుస్తకం వెనక పేజీలో రాసుకుని, ఒక్కో వరస కొట్టుకుంటూ పోయాను. లాగిన్ పాస్‌వర్డ్ కూడా అప్పుడే అడిగి పెట్టుకోమన్నాడు బామ్మర్ది. అది ఎంత మంచి మాటో కాసేపటికే తెలిసింది. సేఫ్ మోడ్‌లో మా పిన్ పనిచేయలేదు, పాస్‌వర్డ్‌తోనే లోపలికి వెళ్లాం.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే సెక్యూరిటీ కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయినప్పుడు కూడా చాలామందికి చెప్పిన మందు ఇదే: సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైల్ తీసెయ్యడం. అక్కడా ఈ కీ దొరక్క ఎంతోమంది ఆగిపోయారు. మనలాంటి చిన్న దుకాణాల వాళ్లు దీన్ని ముందే రాసి పెట్టుకోవాలని నేను గట్టిగా చెప్తాను.

నాలుగు మూలలా సేఫ్ మోడ్ అని రాసి, బొమ్మలన్నీ పెద్దపెద్దగా, నేపథ్యం నల్లగా తెర వచ్చింది. స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్, అందులో డిస్‌ప్లే అడాప్టర్స్, కార్డు పేరు మీద ప్రాపర్టీస్, డ్రైవర్, రోల్ బ్యాక్. పాత డ్రైవర్ తిరిగొచ్చింది. ఈ దారిలో వెళ్లినప్పుడు బయటపడటానికి వేరే ఏమీ చేయనక్కర్లేదు, మామూలుగా రీస్టార్ట్ చేస్తే చాలు. మధ్యాహ్నానికల్లా తక్‌పట్టీలు ప్రింటవుతున్నాయి. మళ్లీ అదే డ్రైవర్ రాకుండా విండోస్ అప్‌డేట్‌ను కొన్నాళ్లు పాజ్‌లో పెట్టాను.

అసలు చిక్కు పక్క దుకాణంలో చూశాను. వాళ్ల కంప్యూటర్‌ను ఎవరో రిపేర్ చేస్తూ విండోస్ లేచే తీరును మార్చే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ కింద సేఫ్ బూట్‌కు టిక్ పెట్టి, తీయకుండా వెళ్లిపోయారట. ఆ టిక్ ఉన్నంతకాలం ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా సేఫ్ మోడే. లోపలికి వెళ్లగలిగితే టిక్ తీసేసి ఓకే నొక్కి రీస్టార్ట్ చేస్తే అయిపోయేది. కానీ పిన్ తీసుకోదు, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. అక్కడి గుమస్తా పాపం, బయట రైతులు నిలబడి ఉంటే ముఖం చిన్నబుచ్చుకుని మా దగ్గరికి వచ్చాడు.

మళ్లీ బామ్మర్దికే ఫోన్. లాగిన్ తెర మీదే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ చేయించి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిపించాడు. ఆ కంప్యూటర్‌కు బిట్‌లాకర్ లేదు. "బీసీడీఎడిట్ కొట్టు బావా, స్పేస్, స్లాష్ పెట్టి డిలీట్‌వాల్యూ అంతా కలిపి, స్పేస్, ఫ్లవర్ బ్రాకెట్లలో డిఫాల్ట్, స్పేస్, సేఫ్‌బూట్." ఎంటర్ కొట్టగానే ఆపరేషన్ విజయవంతమైందని ఒక లైను వచ్చింది. ఆ కిటికీ మూసి కంటిన్యూ నొక్కితే మామూలు విండోస్ లేచింది, పిన్ కూడా తీసుకుంది. ఆ అబ్బాయిని ముందు పాస్‌వర్డ్ మార్చి రాసి పెట్టుకోమన్నాను. అది అయ్యాకే బిల్లులు మొదలుపెట్టాడు.