విడిపోయినా పైపులు తెగలేదు

1965 ఆగస్టు 9న సింగపూర్ ప్రధాని లీ క్వాన్ యూ టీవీ కెమెరాల ముందు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ రోజే సింగపూర్‌కి స్వాతంత్ర్యం, అదీ అడక్కుండా వచ్చింది. మలేషియాలో కలిసి రెండేళ్ళు కూడా నిండలేదు, బయటికి పంపేశారు.

చిన్న దేశాలు విడిగా ఉంటేనే బాగుపడతాయనేవాళ్ళు ముందు సింగపూర్ పేరే ఎత్తుతారు. బాగుపడిన మాట నిజమే, కానీ మలేషియాలోని జొహోర్ రాష్ట్రాన్ని సింగపూర్‌తో కలిపే జొహోర్ కాజ్‌వే అనే సముద్రపు కట్ట మీద బస్సులో వెళ్తుంటే పక్కన పొడుగునా కనిపించే ఆ లావుపాటి నీళ్ళ పైపుల సంగతి ఎవరూ ఎత్తరు, అదే నాకు బాధ. 1962 ఒప్పందం ప్రకారం సింగపూర్ జొహోర్ నది నుంచి రోజుకి 25 కోట్ల గ్యాలన్ల దాకా, 2061 వరకు నీళ్ళు తీసుకోవచ్చు. విడిపోయేటప్పుడు అంత కోపాల్లోనూ ఈ నీళ్ళ హామీని విభజన ఒప్పందంలోనే రాసుకున్నారు. నా దృష్టిలో సింగపూర్‌ని నిలబెట్టినవాటిలో ఓడరేవు ఎంతో ఆ ఒక్క క్లాజూ అంతే. రెండేళ్ళకి, 1967లో, ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ పెట్టినప్పుడు రెండు దేశాలూ మళ్ళీ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి.

ఇప్పటికీ తెల్లవారకముందే మలేషియా వైపున్న జొహోర్ బారు నగరం నుంచి వేలమంది బైకుల మీద, ఆ పైపుల పక్కనుంచే, సింగపూర్‌కి పనికి వెళ్తారు.