లెక్కల తరగతిలో మార్కులు వేసే తీరు

జూన్ 12న బడులు తెరిచాక మొదటి వారంలో, పాఠం మొదలుపెట్టడానికి ముందే, ఈ ఏడాది లెక్కల తరగతిలో పిల్లల నుంచి ఏమి కోరుతున్నానో, వారి రాతకు మార్కులు ఏ పద్ధతిలో వేస్తానో తొమ్మిది, పది తరగతుల వారికి వివరంగా చెబుతాను. తల్లిదండ్రుల సమావేశంలోనూ అదే చెబుతాను గాని, విజయనగరం జిల్లా చీపురుపల్లి చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే మా పిల్లల్లో చాలామంది తండ్రులు చెన్నైలోనో విజయవాడలోనో భవన నిర్మాణ పనుల్లో ఉంటారు కనుక, సమావేశానికి అమ్మమ్మో నాయనమ్మో వచ్చి సంతకం పెట్టి వెళ్తుంది. రాత్రి పూట ఫోను చేసి, "మా పిల్లడు లెక్కలన్నీ సేసీసినానంతన్నాడు, మరి మార్కులేల తగ్గిపోనాయి మేస్టారూ" అని అడిగే తండ్రికి రెండు నిమిషాల్లో చెప్పగలిగిన జవాబు నా దగ్గర లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఒక మార్కు ఏమి తెలపాలన్న విషయంలో నా అభిప్రాయం స్పష్టంగానే ఉంది: ఆ పిల్లకు ఆ లెక్క ఎంతవరకు వచ్చునో అది తెలపాలి. బుద్ధిగా కూర్చుందా, నోటుపుస్తకానికి అట్ట వేసిందా, రోజూ బడికి వచ్చిందా అనేవి తల్లిదండ్రులతో మాట్లాడవలసిన విషయాలే గాని మార్కుల్లో కలపవలసినవి కావు. కలిపితే ఏమవుతుందో చూడండి. నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే ఏడాది పొడవునా పిల్లల పనిని చూసి మార్కులు వేసే పద్ధతి, వచ్చినప్పుడు ఏడాది మధ్యలో జరిపే ఒక్కొక్క నిర్మాణాత్మక పరీక్షకు 50 మార్కులు పెట్టి, తరగతిలో పాల్గొనడానికి 10, రాత పనులకు 10, ప్రాజెక్టుకు 10, స్లిప్ టెస్టు అనే చిన్న రాత పరీక్షకు 20 చొప్పున విభజించారు. మొదటి మూడింటిలో పిల్లలందరికీ తొమ్మిదేసి మార్కులు వేసేయడం చాలా బడుల్లో అలవాటైపోయింది. అప్పుడు స్లిప్ టెస్టులో 20కి 4 మాత్రమే తెచ్చుకున్న పిల్లవాడికి కూడా మొత్తం 31, అంటే 62 శాతం వస్తుంది. ప్రోగ్రెస్ కార్డులో బీ2 గ్రేడు కనిపిస్తుంది. ఇంట్లో వాళ్ళు పరవాలేదు అనుకుంటారు. నిజానికి ఆ పిల్లవాడికి వచ్చిన లెక్కలు అయిదింట ఒక వంతు మాత్రమే. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో, బడిలోనే వేసే 20 అంతర్గత మార్కులను 2019లోనే తీసేశారు కాబట్టి, మార్చి నెలలో వాణ్ణి ఆదుకునే మార్కులు మరెక్కడా ఉండవు. వంద మార్కుల పేపరులో 35 తెచ్చుకోవలసిందే. వాటాలు ఎప్పుడు ఎలా మారినా, ఉదారంగా వేసిన మార్కు ఆఖరికి పిల్లవాడికే నష్టం చేస్తుందన్న సంగతి మారదు.

కనుక నా తరగతిలో ఆ మూడు అంశాలకూ మార్కులు ఊరికే రావు. తరగతిలో పాల్గొనడం అంటే చేయి ఎత్తడం కాదు. బోర్డు దగ్గరికి వచ్చి లెక్క చేస్తూ ఏ మెట్టు ఎందుకు వేస్తున్నదో మిగిలినవారికి చెప్పడం, లేదా నేను కావాలని తప్పుగా రాసిన మెట్టును పట్టుకోవడం. నోటుపుస్తకానికి మార్కులు వేసేటప్పుడు దస్తూరీ చూడను. అందులో విద్యార్థి స్వయంగా చేశానని చెప్పే ఏదో ఒక లెక్కను ఎంచి, సంఖ్యలు మార్చి, తెల్ల కాగితం మీద అక్కడికక్కడే చేయమంటాను. చేయగలిగితే ఆ పుస్తకం తనది, చేయలేకపోతే గైడుది. ప్రాజెక్టుకైతే ఫోనులో నుంచి దించిన రంగురంగుల అట్ట నాకు అక్కరలేదు. సాంఖ్యకశాస్త్రం చెప్పేటప్పుడు వారపు సంతలో పది దుకాణాల వంకాయ ధరలు రాసుకొచ్చి సగటు, మధ్యగతం, బాహుళకం కట్టి, ఆ మూడింటిలో ఏది సంత ధరను సరిగా చెబుతుందో నాలుగు వాక్యాల్లో రాసిన పిల్లకు పూర్తి మార్కులు ఇస్తాను.

ఇక జవాబు పత్రం దిద్దే తీరు. తల్లిదండ్రుల సందేహాలన్నీ ఇక్కడే ఉంటాయి కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి తీసుకుందాం: తాటిచెట్టు మొదలుకు 30 మీటర్ల దూరంలో నిలబడి చూస్తే చెట్టు కొస 30 డిగ్రీల ఊర్ధ్వకోణంలో కనిపించింది, చెట్టు ఎత్తు ఎంత? లంబకోణ త్రిభుజం గీసి దూరాన్నీ కోణాన్నీ సరైన చోట గుర్తిస్తే ఒక మార్కు. ఎత్తుకూ దూరానికీ సంబంధం కలిపేది టాన్ అని గ్రహించి ఆ నిష్పత్తి రాస్తే ఒకటి. టాన్ 30 డిగ్రీల విలువ 1/√3 అని వేస్తే ఒకటి. సూక్ష్మీకరించి 10√3, అంటే సుమారు 17.32 మీటర్లు అని యూనిట్లతో సహా రాస్తే నాలుగోది. పటం లేదు, మెట్లు లేవు, కాగితం మీద 17.32 మీటర్లు అన్న ఒక్క ముక్క మాత్రమే ఉంటే వచ్చేది ఒక్క మార్కే. అది పక్కవాడి కాగితంలో చూసినదో, మనసులో చేసినదో నేను తేల్చలేను కదా.

దీనికి ఎదురు సందర్భం ఇంకా ముఖ్యం. ఒక అమ్మాయి పటం సరిగా వేసి, నిష్పత్తి సరిగా రాసి, టాన్ 30 విలువ దగ్గర పొరబడి √3 వేసిందనుకోండి. అక్కడి నుంచి లెక్క తప్పు లేకుండా సాగితే 30√3, అంటే దాదాపు 52 మీటర్లు వస్తుంది. జవాబు తప్పే అయినా ఆమెకు పోయేది విలువ దగ్గరి ఒక్క మార్కు. తర్వాతి మెట్టు తన అంకెల ప్రకారం సరిగా చేసింది కనుక మూడు వస్తాయి. తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే మార్కు తీయాలి గాని, ఒకే తప్పుకు రెండు మూడు చోట్ల శిక్ష వేయకూడదు. ఆ అమ్మాయే చివర "ఇంత ఎత్తు తాటిచెట్టు ఉండదు, ఎక్కడో పొరబడ్డాను" అని రాస్తే అర మార్కు తిరిగి ఇస్తాను. పబ్లిక్ పరీక్షలో ఆ అర మార్కు ఎవరూ ఇవ్వరని కూడా ముందే చెబుతాను. అయినా మన ప్రాంతంలో తాటిచెట్టు చూడని పిల్ల లేదు. వచ్చిన జవాబును కంటితో ఒకసారి కొలుచుకోవడం నేర్చుకుంటే చాలు.

ప్రైవేటులో చెప్పిన పద్ధతి నా పద్ధతికి వేరుగా ఉంటుందని కొందరు పిల్లలు భయపడతారు. వర్గ సమీకరణాన్ని కారణాంకాలతో సాధించినా, సూత్రంతో సాధించినా నాకు ఒకటే. కాని ప్రశ్నలోనే "వర్గాన్ని పూర్తి చేసే పద్ధతిలో సాధించండి" అని ఉంటే ఆ పద్ధతే కావాలి. అక్కడ సూత్రం వేసి మూలాలు తెచ్చినవారికి పూర్తి మార్కులు రావు. భాష సంగతికి వస్తే, పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. నా స్లిప్ టెస్టుల్లో నిరూపణకు కారణాన్ని తెలుగులో రాసినా, రెండూ కలిపి రాసినా మార్కు తగ్గదు. స్పెల్లింగు తప్పులకు లెక్కల్లో మార్కు తీయడం నాకు ఎప్పుడూ న్యాయంగా తోచలేదు.

ఇంటిపని రోజుకు అయిదు లెక్కలు మించి ఇవ్వను. నలుగురు కూర్చుని చేసుకోవచ్చు, అన్ననో అక్కనో అడగవచ్చు; ఎవరి సాయం తీసుకున్నారో లెక్క కింద ఆ పేరు రాయాలి. రాని లెక్కను ఖాళీగా వదిలేసినా సరే, ఎక్కడ ఆగిపోయిందో ఒక వాక్యం రాస్తే చాలు. నాకు మరుసటి రోజు పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది. ఇరవయ్యో ఎక్కం దాకా రావాలి. పరీక్ష హాలులో కాల్‌క్యులేటర్ ఉండదు. అన్నలు అక్కల పాత గైడులు మాత్రం దయచేసి ఇవ్వకండి. 2024-25 నుంచి పదో తరగతికి జాతీయ స్థాయి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకమే వచ్చింది. అందులో 14 అధ్యాయాలు ఉన్నాయి, పాత పుస్తకంలోని సమితులు, సంవర్గమానాలు లేవు, రేఖాగణిత నిర్మాణాలూ లేవు. లేని పాఠాలను రాత్రిళ్ళు కూర్చుని చదివే పిల్లలను చూస్తే బాధ కలుగుతుంది.

హాజరుకు మార్కులు లేవు, గైర్హాజరుకు కోత లేదు. ఉభాల (వరి నాట్ల) రోజుల్లో ఇంట్లో చేతులు చాలక పిల్లలు పొలానికి వెళ్తారని తెలిసి కూడా తెలియనట్టు ఉండలేను. తప్పిపోయిన స్లిప్ టెస్టును బడికి తిరిగి వచ్చిన వారంలోపు, వేరే ప్రశ్నలతో, సాయంత్రం పూట రాయవచ్చు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మరునాడు పరీక్ష పెట్టమని ఎవరు చెప్పినా నేను పెట్టను. పెట్టినా రాసేవారు ఉండరు. అలాగే 20కి 7 దాటని ప్రతి ఒక్కరూ తమ తప్పులను దిద్దుకుని, ఆ దిద్దుబాటు కాగితం నాకు చూపించిన తర్వాత మళ్ళీ రాయాలి. రెండోసారి వచ్చిన మార్కే లెక్కలోకి వస్తుంది, సగటు కట్టను. జూలైలో రాని లెక్క ఆగస్టులో వచ్చిందంటే ఇప్పుడు వచ్చినట్టే కదా. "మొదటిసారే బాగా రాసినవాడికి ఇది అన్యాయం కాదా" అని సాటి ఉపాధ్యాయులు ఒకరిద్దరు అడుగుతుంటారు. వాడి మార్కులు ఎవరూ తీసుకోవడం లేదు కాబట్టి అన్యాయం ఎక్కడుందో నాకు కనిపించదు. ఒకటే షరతు: మార్కులు ఆన్‌లైన్‌లో నమోదు చేసే గడువు లోపే ఇదంతా జరగాలి. గడువు నా చేతిలో లేదు.

పదో తరగతి వారికి మొదటి నెలలోనే పబ్లిక్ పేపరు స్వరూపం బోర్డు మీద రాస్తాను. 3 గంటల 15 నిమిషాల సమయం, 33 ప్రశ్నలు: ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఈ అయిదింటికే 40 మార్కులు, వాటిలో అంతర్గత ఎంపిక ఉంటుంది. బిట్లు బట్టీ పడితే గట్టెక్కుతామనుకునే పిల్లలకు మొదటి విభాగం మొత్తం 12 మార్కులే అని చూపిస్తే చాలు, వేరే ఉపన్యాసం అవసరం ఉండదు.

దిద్దిన పత్రాలు ఇచ్చాక రెండు రోజుల సమయం ఉంటుంది. మార్కు తక్కువ పడిందనిపిస్తే ఏ మెట్టుకు ఎందుకు రావాలో కాగితం మీద రాసి తేవాలి; నోటిమాటగా "ఇంకో మార్కు వెయ్యండి సార్" అంటే చూడను. కూడికలో నేను ఎక్కువ వేసి ఉంటే, ఆ సంగతి నిజాయితీగా చెప్పినవారికి ఆ మార్కు అలాగే ఉంచుతాను. పత్రం మీద ఇంట్లో పెద్దవాళ్ళ సంతకం ఉండాలి; తండ్రి ఊళ్ళో లేకపోతే పత్రాన్ని ఫోటో తీసి ఆయనకు పంపి, ఆయన చూశానని చెబితే సరిపోతుంది. ఆ ఫోటోలో మొత్తం మార్కుల కంటే ముందు, ఎర్ర సిరాతో సున్న చుట్టిన మెట్టు ఏదో చూసి, దాని గురించే మీ పిల్లను అడగండి. చెప్పలేకపోతే శనివారం సాయంత్రం అయిదు తర్వాత నాకు ఫోను చేయండి.