తానికాయలు

నిద్ర పట్టలా. పన్నెండు దాటింది. అత్త గురక వినపడతా ఉంది, ఈయన ఫ్యాను కిందికి జరిగి పడుకోనుండారు, నేను వంటింట్లో స్టూలేసుకోని ఫోన్లో కొట్టుకుంటా ఉండా. మధ్యాన్నం నించి ఒక మాట లోపల గీరుకుంటా ఉంది, రాసేస్తే పోతాదేమో.

పొద్దున చిన్నదీ నేనూ కపిలతీర్థం దాకా నడిచిపోయి వచ్చినాము. మొన్నటి వానలకి జలపాతం బాగా దూకతా ఉంది, తుంపర మొహం మీద పడతా ఉంటే చిన్నది కళ్ళు మూసుకోని అట్లే నిలబడింది. చాలా బాగుండింది. దాని గురించి ఇంకోసారి రాస్తా.

బావ వచ్చినాడు చిత్తూరు నించి. అక్క రాలా, మోకాళ్ళు. నిన్న పక్కవీధి గృహప్రవేశంలో అయ్యవారు సంకల్పం చెప్తా ఉంటే "కలియుగే ప్రథమపాదే" అన్న కాడ చిన్నది పట్టుకునింది, ఆ ప్రథమపాదం ఎప్పుడైపోతాదమ్మా అని. 4,32,000 ఏండ్లు కలియుగం, అందులో నాలుగో వంతు 1,08,000, గడిచింది ఐదువేల నూటపాతిక చిల్లర. ఫోన్లో లెక్కేసుకోని నోరు తెరిచేసింది. ఇవాళ అన్నం తింటా అదే పట్టు మీద "పెద్దనాయనా, భాగవతంలో పరీక్షిత్తు రాజు చేతికి చిక్కినాడు కదా కలిపురుషుడు, అప్పుడే నరికేసుంటే ఇంత కాలం ఈ కలియుగం ఉండేది కాదు కదా, ఎందుకు వదిలేసినాడు?" అని అడిగింది. ఎంత మంచి ప్రశ్న!

బావ చారు జుర్రుకోని, "వదిలేసినాడా, ఇల్లు చూపించి పంపించినాడు. జూదం, తాగుడు, ఆడోళ్ళు, కసాయి అంగడి. పుస్తకంలోనే రాసుంది. మీ ఆడోళ్ళల్లో ఉండాడు కలి, యాడికీ పోలా" అని నవ్వినాడు. చిన్నది నా పక్క చూసింది. నా చేతిలో చారు గిన్నె. ఈయన అప్పడం విరుచుకుంటా ఉండారు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట, "ఏం మాటలన్నా అవి" అని ఈయన అనుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. అనలా. బావ నాలుగు గంటలకి బస్సుకి పోయినాడు, పోతా పోతా చిన్నదాని చేతిలో ఐదొందలు పెట్టినాడు, మంచోడే, మా నాయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు పదకొండు రాత్రులు కింద దుప్పటేసుకోని పడుకున్నది బావే, అది నేను మర్చిపోలా. అయినా ఆ నవ్వు.

పుస్తకంలో రాసుంది అన్నాడు కదా, భాగవతం తీసి చూసినా. ప్రథమ స్కంధం. "ద్యూతం పానం స్త్రియః సూనా యత్రాధర్మశ్చతుర్విధః". రాసుంది, లేదనను. కానీ ఆ మాట వెనకే ఉంది, నాలుగు రకాల అధర్మం యాడ ఉంటే ఆడ అని. కలి ఉండేదానికి చోటు అడిగినాడు, పరీక్షిత్తు అధర్మం ఉన్న చోటు ఇచ్చినాడు. బావ సగం శ్లోకం మింగి మిగతా సగం చిన్నపిల్ల ఎదురుగా వడ్డించినాడు. ఇది ఆడదాని గురించి అని ఎవరికి వాళ్ళు ఎట్లా తీసేసుకుంటారో, జూదం మాట వచ్చినప్పుడు పేకాడే తమ్ముడు గుర్తురాడు, తాగుడు మాట వచ్చినప్పుడు ఎవరూ గుర్తురారు.

సరే, చదవడం మొదలుపెట్టినాక ఆపలేకపోయినా. అసలు ఈ కలి ఎవుడు? ఇంతమంది చెప్పినారు, ఇద్దరు చెప్పింది కలవదు. ప్రథమ స్కంధంలో రాజు వేషమేసుకోని ఆవునీ, ఒంటికాలి మీద నిలబడిన ఎద్దునీ కొడతా ఉన్నోడు, కత్తి చూడంగానే కాళ్ళ మీద పడినోడు. అదే భాగవతంలో నాలుగో స్కంధానికి పోతే అధర్ముడి వంశంలో పుట్టినోడు, క్రోధానికీ హింసకీ కొడుకు, దురుక్తి వాడి తోబుట్టువు, వాళ్ళిద్దరికీ పుట్టింది భయం, మృత్యువు. కల్కి పురాణంలో కాకి కడుపు, ఆడే నాలుక, కంపు కొట్టే ఒళ్ళు. మళ్ళా భాగవతంలోనే పన్నెండో స్కంధం, అన్నింటికీ చివర కల్కి దేవదత్తం అనే గుర్రమెక్కి వచ్చే చోట, ఈ కలి కనపడనే కనపడడు! ఆయన నరికేది రాజుల వేషంలో తిరిగే దొంగల్ని, కోట్ల మందిని. ఎదురుగా నిలబడాల్సిన శత్రువు ఒక్కడు లేడు.

ఇంకోటి. భారతంలో దుర్యోధనుడు కలి అంశ, శకుని ద్వాపరుడి అంశ. కృష్ణుడు వెళ్ళిపోయినాక కదా కలియుగం మొదలైంది, మరి అంతకు ముందే వీడు కౌరవుల ఇంట్లో ఎట్లా పుట్టినాడు? అది కూడా కాదు, అడవిలో ధర్మరాజుకి బృహదశ్వుడనే ముని నలుడి కథ పాత కథగా చెప్తాడు, అందులోనే ఉండాడు కలి. వాడి యుగం ఇంకా రాలా, వాడు మాత్రం వచ్చేసినాడు. దమయంతి నలుణ్ణి పెళ్ళాడిందన్న అక్కసుతో పన్నెండేండ్లు కాచుకోనున్నాడంట, ఒక సాయంత్రం నలుడు కాళ్ళు కడుక్కోకుండా సంధ్య వార్చుకున్నాడు, ఆ సందులో దూరినాడు. పన్నెండేండ్లు! ఒకడి కాలి మడమ మీద కన్నేసి. దాన్ని చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, కాకి కడుపు చదివినప్పుడు ఏమీ కాలేదు.

మా ఊర్లో భారతం గుర్తొచ్చింది. పద్దెనిమిది రోజులు, మధ్యాన్నం హరికథ, రాత్రికి వీధినాటకం. అర్జున తపస్సు రోజు ఎత్తు మాను మీద నించి వేషగాడు నిమ్మకాయలు విసురుతా ఉంటే కింద పిల్లల్లేని ఆడోళ్ళు తడిబట్టలతో కొంగు పట్టి నిలబడేది, అందరం గోల గోలగా ఉండేవాళ్ళం. నాకు ఎనిమిదేండ్లుంటాయి ఆ సంవత్సరం. ఆఖరి రోజు దుర్యోధన వధ. భారతం మిట్ట మీద బంకమట్టితో దుర్యోధనుణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి చేసింటారు, మా అవ్వ ఇంటి కంటే పొడుగు, రంగులేసిన కళ్ళు తెరిచే ఉంటాయి, మీసం నా చెయ్యంత లావు. ఆ బొమ్మ మీదనే భీముడూ దుర్యోధనుడూ గదలెత్తుకోని పరిగెత్తతారు, ఎండలో చెక్క భుజకీర్తులు టకటకమంటా ఉంటాయి, దుర్యోధనుడి వేషగాడికి చెమటకి మొహం రంగు కారి తెల్ల చొక్కా ఎర్రగా అయిపోయింది. తొడ కాడ పూడ్చిన కుండ భీముడు గదతో పగలగొట్టినాడు, కుంకం నీళ్ళు ఎగిరి నా గౌను మీద పడినాయి. ద్రౌపది వేషం ఆయన జుట్టు ముడేసుకున్నాడు. అంతే, జనం ఒక్కసారిగా బొమ్మ మీద పడి మన్ను పీక్కోని పోయినారు. మా అవ్వ కూడా. మోకాలి కాడ మన్ను ఒక పిడికెడు, కొంగులో ముడేసింది.

ఇంటికొచ్చి ఆ మన్ను వడ్ల గాదెలో ఏసింది. నేను చూసేసినా. ముందురోజే హరికథాయన చెప్పినాడు దుర్యోధనుడంటే కలి అంశ అని. మా అవ్వ కలిని తీసుకొచ్చి వడ్లల్లో ఏసింది! అసలే నాకు కలి అంటే అంతకు ముందు నించీ ఒక భయం, ఎందుకంటే పొయ్యి పక్కన పులిసిన కలి కుండ ఒకటుండేది, బియ్యం కడిగిన నీళ్ళూ గంజీ పోసేది, ఆ కలీ ఈ కలీ ఒకటే అనుకునేదాన్ని, రాత్రిపూట ఆ మూల పక్క పోయేదాన్ని కాదు. రెండు రోజులు అన్నం ముట్టలా, సంగటే తిన్నా, రాగులు వేరే కుండలో ఉండేవి కాబట్టి. మూడో రోజు అవ్వకి తెలిసిపోయింది. కొట్టలా. "ఆయన రాజే. ఆయన కాలంలో వానలు పడినాయంట" అనింది. మరి చెడ్డోడు కదవ్వా అంటే "చెడ్డోడే" అనింది. ఇంకేమీ చెప్పలా, అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టింది. అదే గాదె అన్నం. నేను నమిలి మింగినా.

ఇంతవరకూ రాసి ఆగినా. మొదట ఏమనుకున్నానంటే, ఇన్ని పుస్తకాలు ఒక్క మాట మీద ఉండింటే బావ లాంటోళ్ళకి తోచింది పట్టుకోని చెప్పే వీలుండేది కాదు కదా అని. ఇప్పుడు అట్లా అనిపించడంలా. కలి మొహం ఇదీ అని ఎవరైనా ఖాయం చేసి రాసిపెట్టుంటే ఆ మొహం ఉన్నోళ్ళని బతకనిచ్చేవాళ్ళు కాదు. తెలియకుండా ఉండటమే మంచిదైంది. పరీక్షిత్తు ఎందుకు చంపలేదంటే భాగవతం చెప్పే సూతుడు ఏమంటాడంటే, తుమ్మెద తేనె ఒక్కటే తీసుకున్నట్టు ఆయన సారం చూసేవాడంట, ఈ యుగంలో మంచి పని అనుకోంగానే ఫలిస్తాది, చెడ్డపని చేస్తేగానీ అంటదు, అందుకని ద్వేషించలేదంట. చిన్నదానికి రేపు ఇది చెప్పాల. దాని ప్రశ్నకి జవాబు పుస్తకంలో ఉంది, అంతసేపూ ఉంది, బావ చెప్పలా.

ఆ నాలుగు చోట్లూ చాలవని కలి మళ్ళా అడిగితే బంగారం ఇచ్చినాడు, దాంతో పాటు అబద్ధం, మదం, కామం, రజస్సు, ఐదోది వైరం. వైరం అన్న మాట కాడ నాకు కాస్త చివుక్కుమనింది. మధ్యాన్నం నించి నేను చేస్తా ఉండేది ఏంది మరి. కాసేపు ఫోను పక్కన పెట్టేసినా. కానీ కాదు, ఇది వైరం కాదు, చిన్నది నా మొహం చూసిన చూపు ఉంది కదా, దానికి నేను బాధపడకపోతే ఎవరు పడతారు? రేపు అక్కకి ఫోన్ చేసి చెప్తా. బావకే చెప్తానేమో. ఈయనకి మాత్రం పొద్దున కాఫీ కాడే చెప్తా.

స్టూలు పక్కన అత్త త్రిఫల చూర్ణానికి ఎండబెట్టినవి మూడు చేటలుండాయి. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. నలుడికి ఋతుపర్ణుడనే రాజు పాచికల విద్య చెప్పినాక కలి, నలుణ్ణి కరిచిన కర్కోటకుడనే పాము విషం కక్కుకుంటా బయటికొచ్చి దాక్కున్నది తానిచెట్టులోనే. అప్పటి నించి ఆ చెట్టుకి చెడ్డపేరు, కలి దూరినాడు కాబట్టి మంచిది కాదని. చెట్టు ఏం చేసింది? ఎండలో నిలబడి ఉండింది. ఋతుపర్ణుడు దాని ఆకులూ కాయలూ చూపుతోనే లెక్కపెట్టినాడంట. వేదకాలంలో పాచికలు కూడా ఈ కాయలేనంట, గుప్పెడు తీసి నాలుగేసి లెక్కపెడితే ఏమీ మిగలకపోతే కృతం, మూడు మిగిలితే త్రేత, రెండైతే ద్వాపరం, ఒకటి మిగిలితే కలి, ఓడినట్టు. యుగాల పేర్లన్నీ ఆ ఆటవే.

ఒకటి తీసి చూసినా. జాజికాయంత ఉంటాది, బూడిద రంగు, గోరుతో గీకితే సన్నటి నూగు, ఐదు గీతలు పైనించి కిందికి లీలగా. నాలుక ఆనిస్తే వగరు. గుప్పెడు తీసుకోని గ్యాసు బండ మీద పోసి నాలుగేసి జరపబట్టినా. మొదటిసారి మూడు మిగిలినాయి. రెండోసారి సగంలో ఉండంగా అత్త లేచొచ్చి లైటెందుకేసుకోనుండావమ్మా అనింది, నిద్ర రాలా అత్తా అన్నా, ఆ కాయలు కింద పడేయొద్దు, రేపు దంచాల అని మళ్ళా పోయి పడుకునింది. ఎన్ని జరిపినానో లెక్క తప్పింది. అన్నీ చేటలో పోసేసినా.