డెర్లాన్‌కి ఇద్దరు బాసులు: నా వార్‌గేమ్ ఐదో వారం

1815 జూన్‌లో ఫ్రెంచ్ చక్రవర్తి నెపోలియన్ బ్రిటిష్, ప్రష్యన్ సైన్యాల మీదికి వెళ్లిన వాటర్లూ దండయాత్ర మీద సొంతంగా చేసుకుంటున్న బోర్డ్ గేమ్ ఇది. మ్యాపు, బిళ్లలు పోయిన వారమే అయిపోయాయి. ఒక హెక్స్ (మ్యాపు మీది ఆరు పలకల గడి) ఒక కిలోమీటరు, ఒక టర్న్ (ఆటలో ఒక వంతు) ఒక గంట. ఈ వారమంతా ఒక్క చిక్కుముడితోనే సరిపోయింది: ఎవరి మాట ఎవరు వినాలి?

మొదట్లో నెపోలియన్ ఆటగాడు ఏ బిళ్లనైనా కదపొచ్చు. అది చదరంగం అయింది, జనరల్స్ అలంకారానికే మిగిలారు. తర్వాత కమాండ్ పరిధి పెట్టాను: మార్షల్‌కి 6 హెక్స్‌లు, కోర్ (వేల మంది ఉండే పెద్ద దళం) కమాండర్‌కి 3, పరిధి దాటిన దళానికి సగం నడకే. ఆడటానికి సులువే కానీ, ఆర్డర్ దారి తప్పడం, రెండు ఆర్డర్లు ఢీకొనడం ఇందులో కుదరదు.

అందుకే ఇప్పుడు చీటీలు. ఎవరు, ఎవరికి, ఎక్కడికి, ఏ టర్న్‌లో పంపారో పెన్సిల్‌తో రాయాలి. గుర్రపు రౌతు టర్న్‌కి 10 హెక్స్‌లు వెళ్తాడు. చేరాక పాచిక వేస్తే 1 పడితే ఇంకో గంట ఆలస్యం. ఫ్రెంచ్ వాళ్లకి 2 పడినా ఆలస్యమే. నెపోలియన్ ఆర్డర్లు రాసి పంపే పాత చీఫ్ ఆఫ్ స్టాఫ్ బెర్తియే లేడు, ఆయన కుర్చీలో ఆ పని అంతగా అలవాటు లేని సూల్ట్ ఉన్నాడు కదా!

పరీక్షకి జూన్ 16 తీసుకున్నాను. ఎడమ పక్క సైన్యాన్ని నడిపే మార్షల్ నే (Ney) కాట్ర్ బ్రా దగ్గర, చక్రవర్తి సుమారు 11 కిలోమీటర్ల అవతల లిన్యీ దగ్గర పోరాడుతుంటే, మధ్యలో నే కింది కోర్ కమాండర్ డెర్లాన్ దగ్గర దాదాపు 20,000 మంది. చరిత్రలో ఆయన లిన్యీ వైపు తిరిగాడు, మార్షల్ నే వెనక్కి పిలిస్తే మళ్లీ వెనుదిరిగాడు, చివరికి రెండు చోట్లా యుద్ధం చేయలేదు.

పై అధికారి మాటే చెల్లుతుందని రూల్ పెడితే డెర్లాన్ ప్రతిసారీ లిన్యీ చేరి ప్రష్యన్ల పని పట్టేస్తున్నాడు. దగ్గరి బాస్ మాటే చెల్లుతుందంటే అటు తొంగి కూడా చూడట్లేదు. రెండూ పనికిరావు.

ఇప్పుడు కొత్త చీటీ అందినప్పుడల్లా రెండు ఆర్డర్లకీ చెరో పాచిక. చక్రవర్తికి +2. నేకి +1 మాత్రమే, ఆయన సైన్యంలో చేరి ఒక్క రోజే అయింది మరి. సమానమైతే పాత ఆర్డరే. ఐదుసార్లు ఆడితే రెండుసార్లు లిన్యీ, ఒకసారి కాట్ర్ బ్రా. మిగతా రెండుసార్లు బిళ్ల అటు నాలుగు హెక్స్‌లు, ఇటు నాలుగు హెక్స్‌లు తిరిగి, ఒక్క తుపాకీ పేలకుండానే పొద్దుపోయింది. రెండోసారి బిళ్లని వెనక్కి జరుపుతుంటే నాకే ఒళ్లు మండింది. అంటే రూల్ పనిచేస్తున్నట్టే.

వచ్చే వారం కుడి పక్క సైన్యాన్ని నడిపిన గ్రూషీ. ఆ ఏడాదే మార్షల్ అయిన మనిషి కింద వాందామ్, జెరార్ లాంటి పాతకాపులు. జూన్ 18న వాటర్లూ నుంచి వినబడుతున్న ఫిరంగుల మోత వైపు పోదామని జెరార్ పట్టుబట్టినా గ్రూషీ వినలేదు. కింది జనరల్ అడిగితే పైవాడు మనసు మార్చుకునే అవకాశం ఎంత ఉండాలి? ప్రస్తుతానికి 6 పడితేనే అని రాసిపెట్టాను, పెన్సిల్‌తోనే.