పోర్టోలో ఒక షట్టర్ ముందు

పోర్చుగల్‌లో పోర్టో అనే ఊరు వెళ్ళొచ్చానంటే అందరూ అడిగేది ఒకటే, వంతెన మీద ఫోటో ఏదీ అని. ఉంది. దోం లూయిష్ వంతెన పై అంతస్తులో, పక్కనుంచి మెట్రో పోతుంటే ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఇంకో చేత్తో తీసుకున్నాను, అందులో నా మొహం కంటే వెనకున్నావిడ గొడుగు బాగా పడింది. సావ్ బెంటో స్టేషన్లో నీలం పింగాణీ పలకల గోడలూ చూశాను, దాదాపు ఇరవై వేల పలకలట, నేను వెళ్ళినప్పుడు అంతకంటే జనమే ఎక్కువ ఉన్నట్టనిపించింది. ఒక పేరుమోసిన పుస్తకాల షాపులోకి వెళ్ళడానికి టికెట్టు కొనాలి, టికెట్టు కొన్నాక లైన్లో నిలబడాలి, లోపలికెళ్ళాక పుస్తకం తియ్యడానికి చెయ్యి చాచే సందు ఉండదు. పుస్తకాల షాపుకి టికెట్టేంటండీ, మా తెనాలిలో అయితే షాపువాడే కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు, కొనకపోయినా.

ఇది 2024 అక్టోబరు సంగతి. నెదర్లాండ్స్‌లో నేనుండే ఐండ్‌హోవెన్ నుంచి నేనూ, ఆఫీసులో ఇంకో కుర్రాడూ కలిసి వెళ్దామనుకున్నాం, వాడికి చివరి నిమిషంలో పనిబడి మానేశాడు, గదికి ఇద్దరి డబ్బూ నేనే కట్టాను. ఆ పైన ఊరి టూరిస్టు పన్ను రాత్రికి 2 యూరోలు వేరే. కాబట్టి మొదటి రోజు నుంచీ నా మూడ్ అంత గొప్పగా లేదని ముందే చెప్పుకోవాలి.

రెండో రోజు పొద్దున చేసిన తెలివితక్కువ పని, ఊళ్ళో టూరిస్టులకి కనపడని వైపు చూపిస్తామన్న 'ఆల్టర్నేటివ్' నడక టూరుకి 20 యూరోలు పెట్టి బుక్ చేసుకోవడం. వెళ్ళి చూస్తే పద్దెనిమిది మందిమి టూరిస్టులం, అందరికీ తలో గొడుగు, మధ్యలో పాపం గైడమ్మాయి. సముద్రం పక్క ఊరు కదా, అక్కడి వాన కురిసినట్టుండదు, గాల్లో వేలాడుతున్నట్టుంటుంది, గొడుగు కిందకి కూడా వచ్చేస్తుంది. ఆర్ట్ గ్యాలరీలన్నీ వరసగా ఉండే మిగెల్ బొంబార్ద వీధిలో తిప్పింది. హజుల్ అనే ఆయన గోడల మీద వేసే బొమ్మలు, మెలికలు తిరిగే గీతల మధ్య కళ్ళూ ముక్కూ లేని ఆడ రూపాలు, నిజంగా బాగున్నాయి. ఒకప్పుడు రుయ్ రియో మేయరుగా ఉన్నప్పుడు ఇలాంటి బొమ్మల మీద మున్సిపాలిటీ వాళ్ళే రంగు కొట్టేసేవాళ్ళనీ, 2013 తరవాత మేయరు మారాక అదే మున్సిపాలిటీ పిలిచి గోడలిచ్చిందనీ చెప్పింది. అది విన్నప్పుడు మాత్రం కాస్త చెవులు నిక్కబొడుచుకున్నాయి. నది అవతల ఉన్న గాయా అనే ఊళ్ళో, బోర్దాలో సెగుందో అనే కళాకారుడు 2017లో చేసిన కుందేలు కూడా చూపించింది, మూడంతస్తుల ఎత్తు, మొత్తం పనికిరాని ప్లాస్టిక్కూ బంపర్లూ గొట్టాలతోనే. సగానికి రంగులేశారు, సగం చెత్త చెత్తలాగే వదిలేశారు. మనూళ్ళో పాత సామాన్ల కొట్టువాడు దాన్ని చూస్తే ముందు కాటా తెమ్మంటాడు.

అక్కడ దగ్గర్లోనే వైన్ గోదాములు. గైడమ్మాయి ఒక చెక్క డ్రమ్ము చూపించి "పీపా" అంది. మేమూ పీపా అనే అంటాం అన్నాను. నమ్మలేదు. మీవాళ్ళు ఓడల్లో తెచ్చిన మాటే ఇది, తువ్వాలు, మేస్త్రి, ఇస్త్రీ కూడా మీ దగ్గర్నించి వచ్చినవే అని చెప్పబోతే, వెనకున్న ఆయన లైటర్ అడిగాడు, మాట అక్కడితో తెగిపోయింది. అక్కడి డౌరో నది లోయ వైన్ లెక్కలో ఒక పీపా అంటే 550 లీటర్లట. మా నాయనమ్మ పెళ్ళిళ్ళప్పుడు నీళ్ళకి తెప్పించిన పీపా ఎన్ని లీటర్లో ఇంటికి ఫోన్ చేసి అడగాలనుకున్నాను, మర్చిపోయాను.

చివరికి టూరు ఒక కాఫీ షాపు దగ్గర ఆగింది, ఇటుకలు కనపడే గోడ, చెక్కపెట్టెల మీద కూర్చోవాలి, కాఫీ 3 యూరోలు. సరిగ్గా ఎదురుగా ముసలివాళ్ళు నిలబడి తాగే కొట్లో అదే కాఫీ 1 యూరో. ఆల్టర్నేటివ్ అంటే రెండు యూరోలు ఎక్కువని ఆ రోజు తెలిసింది. పిల్ల తప్పేం లేదు, బాగానే చెప్పింది, నాకే విసుగొచ్చి తలనొప్పిగా ఉందని చెప్పి మధ్యలో వచ్చేశాను.

గది తీసుకున్నది బోంఫిం వైపు, చవకని. త్రిందాద్ నుంచి కంపన్యా వైపు పోయే మెట్రో ఏదెక్కినా ఎరోయిజ్మో స్టేషన్లో దిగితే నడక దూరం. ఎరోయిజ్మో అంటే వీరత్వమట, వీధి పేరూ అదే. ఆ వీధిలో ఒక పెద్ద పాత భవనం ఉంటుంది, ఇప్పుడు మిలటరీ మ్యూజియం, 1974 ఏప్రిల్ విప్లవం దాకా అది నియంతృత్వపు రోజుల రహస్య పోలీసుల ఆఫీసు. ఆనుకునే శ్మశానం. పోలీసులకి పని సులువయ్యేది అనుకున్నాను, ఆ ఆలోచనకి నాకే కాస్త సిగ్గేసింది.

గది ఇంటావిడ డెబ్భై దాటిన మనిషి, ఇంగ్లీషు నాలుగు మాటలు, మిగతాది చేతులతో. ఆవిడ ఇంటి పక్కన ఒక ఇనప గేటుంది, బయటికి మామూలు గుమ్మంలాగే ఉంటుంది, తీస్తే లోపల మనిషి ఇరుక్కుని నడిచేంత సందు, దానికి అటో ఇటో వరసగా ఒక్కొక్క గది ఇళ్ళు, గుమ్మాల ముందు పూలకుండీలు, తీగ మీద బట్టలు. వీటిని ఇల్యా అంటారు, అంటే దీవి. వందా నూటయాభై ఏళ్ళ కింద మిల్లులొచ్చినప్పుడు పల్లెల నుంచి వచ్చిన కూలీలకి, ముందున్న పెద్దిళ్ళ పెరట్లో ఇలా వరసగా కట్టి అద్దెకిచ్చారు. ఒక్కో ఇల్లు పదహారు చదరపు మీటర్లు అటూ ఇటూ, అందరికీ కలిపి బయట మరుగుదొడ్డి. ఇప్పటికీ మనుషులుంటున్నారు. నేను ఫోన్ తీసేసరికి ఇంటావిడ నా చెయ్యి పట్టుకుని కిందకి దించింది, కోప్పడలేదు, దించిందంతే. నేను తొమ్మిదో క్లాసు దాకా పెరిగింది ఆరు వాటాల ఇంట్లో, ఒకటే బావి, పొద్దున బాత్‌రూం దగ్గర బకెట్లు వరస. అప్పుడెవడైనా కెమెరాతో వచ్చుంటే మా అమ్మ చెయ్యి దించేది కాదు, బకెట్టెత్తేది.

ఆ సాయంత్రం వాన కాస్త తగ్గాక తిండికని బయల్దేరాను. ముందు రోజు ఫ్రాన్సెజీన్యా తిన్న దెబ్బ ఇంకా కడుపులో ఉంది, రొట్టె మధ్య రకరకాల మాంసాలు కుక్కి, పైన చీజు కప్పి, బీరు కలిపిన పులుసులో ముంచి ఇస్తారు, దానికి తోడు బంగాళాదుంప వేపుడు. ఊరివాళ్ళకి అది ప్రాణం. నాకైతే సగానికే ఆయాసం వచ్చింది, పులుసు మాత్రం బాగుంది, కారం అని చెప్పారు, గుంటూరు వైపువాడికి అది కారం అని చెప్పకూడదు. మనకి మిరపకాయ తెచ్చిచ్చింది వీళ్ళే అన్న గౌరవంతో ఊరుకున్నాను.

ఎరోయిజ్మో వీధిలో నడుస్తుంటే డ్రమ్ము చప్పుడు. రికార్డు కాదు, ఎవరో కొడుతున్నారు, ఆపి మళ్ళీ మొదట్నించీ కొడుతున్నారు. తల తిప్పితే పాత షాపింగ్ కాంప్లెక్సు, మీద 'స్టాప్' అని బోర్డు. ముందు రోజు మ్యాపులో ఈ పేరు చూసి బస్టాపనుకున్నాను. లోపలికి వెళ్ళొచ్చో లేదో తెలీదు, గుమ్మం దగ్గర అగ్నిమాపక దళం వాళ్ళు కూర్చుని కబుర్లాడుకుంటున్నారు, నన్ను చూసి ఏమీ అనలేదు, వెళ్ళాను.

ఎలా చెప్పాలి, మన అమీర్‌పేటలోనో విజయవాడలోనో ఓ పాత కాంప్లెక్సు ఊహించుకోండి, పై అంతస్తుల్లో సగం షట్టర్లు దించేసి, ట్యూబులైట్ ఒకటి వెలిగి ఒకటి కొట్టుకుంటూ, నేల మీద పాలిపోయిన టైల్సు. అచ్చం అలాగే ఉంది. కాకపోతే దించేసిన ప్రతి షట్టర్ వెనకా ఒక బ్యాండు వాయిస్తోంది. బట్టల షాపు అద్దాలకి లోపల నల్లకాగితం, దాని వెనక గిటారు. పక్కదాంట్లో ఎవరో సాక్సోఫోన్. ఇంకోదాంట్లో ఒకడు గొంతు చించుకుంటున్నాడు. నడవాలో నిలబడితే అన్నీ కలిసి ఒకే పాటలా వినపడి, రెండడుగులు వేస్తే వేరే పాట అవుతుంది.

నాకు ఒళ్ళు జల్లుమంది, ఎందుకో తెలియాలంటే మా మావయ్య సంగతి చెప్పాలి. మా అమ్మ తమ్ముడు, తెనాలిలో పెళ్ళి బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. మేళానికి ఒక కాంప్లెక్సులో కింద మూల షట్టరుండేది, అందులో ఎర్ర యూనిఫారాలు, జరీ పట్టీల టోపీలు, బేస్ డ్రమ్ము, బయానా రాసుకునే పుస్తకం. ముహూర్తాల సీజన్లో ప్రాక్టీసుకి తీరిక దొరికేది కాదు, ఆషాఢం వచ్చాక షట్టరు సగం దించుకుని కొత్త సినిమా పాటలు నేర్చుకునేవాళ్ళు, టేపురికార్డర్లో నాలుగు సెకన్లు వినడం, ఆపడం, వాయించడం, మళ్ళీ వినడం. నేను స్కూలు నుంచి వస్తూ ఆ షట్టరు కింద నుంచి వంగి దూరేవాణ్ణి. తరవాత డీజే బాక్సులొచ్చాయి. ఒక ఆటోలో పట్టే బాక్సులకి ఇద్దరు మనుషులు చాలు, మేళానికి పదిహేను మంది, భోజనాలు. ఇప్పుడా షట్టర్లో సెల్‌ఫోన్లు బాగు చేస్తారు.

నేను చాలాసేపు ఒకే షట్టరు ముందు నిలబడ్డానేమో, తలుపు తెరుచుకుని ఒక గడ్డపాయన బయటికొచ్చాడు, చేతిలో డ్రమ్ము పుల్లలు. చప్పుడు ఎక్కువైందా అని అడిగాడు. పొమ్మంటాడేమో అనుకుంటే, కంప్లైంటేమో అని ఆయన భయం. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. పగలు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడట, సాయంత్రం ఇక్కడ. ఎనభైల్లో కట్టిన కాంప్లెక్సు, ఊళ్ళో పెద్ద మాల్సు రాగానే షాపులు ఖాళీ అయ్యాయి, ఎవరికీ అక్కర్లేని షట్టర్లని పాటగాళ్ళు ఒక్కొక్కటే అద్దెకి తీసుకున్నారు. ఇళ్ళల్లో డ్రమ్ము కొడితే పక్కింటివాళ్ళు ఊరుకోరు, ఇక్కడ పక్కింటివాడూ డ్రమ్మే కొడతాడు. అలా చేరినవాళ్ళు దాదాపు ఐదు వందలు.

2023 జూలై 18న మున్సిపల్ పోలీసులొచ్చి 126 షాపుల్లో 105కి సీలు వేసేశారు, వాడకానికి లైసెన్సు లేదని. నిప్పంటుకుంటే దారి లేదన్నది నిజమే, ఆయనే ఒప్పుకున్నాడు, ఆ నడవా చూసినవాడెవడూ కాదనలేడు. కానీ ఈయన డ్రమ్ములు లోపల, ఈయన బయట. అందరూ రోడ్డు మీదకొచ్చి అక్కడే వాయించారట. వేరే చోట ఖాళీగా ఉన్న ఒక పాత స్కూలు ఇస్తామంది మున్సిపాలిటీ, వీళ్ళకి నచ్చలేదు. పదిహేడు రోజుల తరవాత, ఆగస్టు 4న, అగ్నిమాపక సిబ్బంది అక్కడే ఉండాలన్న షరతు మీద తెరిచారు. గుమ్మం దగ్గర కబుర్లాడుకుంటున్నవాళ్ళు అందుకన్నమాట.

మా మావయ్య వాళ్ళ షట్టరుకి సీలు వెయ్యడానికి ఎవరూ రాలేదు. పెళ్ళిళ్ళవాళ్ళు రావడం మానేశారంతే, దానికి ఏ రోడ్డు మీద కూర్చుంటారు. ఈ ముక్క ఆయనతో అనాలనిపించింది, కానీ అప్పటికే లోపలికి పిలిచి ఒక చిన్న స్టూలిచ్చాడు. గది మన పాన్ షాపుకి రెండింతలు ఉంటుందేమో, అందులో నలుగురు, గోడలకి పాత కార్పెట్లు. ముక్క ముక్క ఆపుకుంటూ ఒకటే పాట గంటసేపు వాయించారు. ఒకచోట బేసు గిటారావిడ ప్రతిసారీ తప్పుతోంది, ప్రతిసారీ అందరూ ఆగి ఆవిడ వంక చూడకుండా మళ్ళీ మొదలుపెడుతున్నారు. ఆ చూడకపోవడం నాకు బాగా తెలుసు. మా వాళ్ళూ అంతే, ట్రంపెట్ తాత తప్పు వాయిస్తే అందరూ టీ వంక చూసేవాళ్ళు.

మిగతా రెండు రోజులు ఏం చేశానంటే పెద్దగా చెప్పుకునేది లేదు. బోల్యావ్ మార్కెట్ బాగు చేసి 2022లో మళ్ళీ తెరిచారు, తళతళలాడుతోంది, కూరగాయలు కొనేవాళ్ళకంటే వైన్ గ్లాసులు పట్టుకు తిరిగేవాళ్ళు ఎక్కువ. చివరి రాత్రి డ్రమ్ములాయన చెప్పాడని కొలిజెవు హాలుకి ఎదురుగా, ఒక కార్ల గ్యారేజీ భవనం నాలుగో అంతస్తులో ఉన్న మౌష్ ఆబితుష్‌కి వెళ్ళాను, చెడ్డ అలవాట్లు అని అర్థమట ఆ పేరుకి. 2001 నుంచీ ఉంది, బొమ్మల ప్రదర్శనా, పాటలూ, పిజ్జా, అన్నీ ఒకేచోట. పిజ్జా బాగుంది.

స్టాప్‌లో ఫోన్లో నిమిషంన్నర రికార్డు చేసుకున్నాను, వాళ్ళని అడిగే. ఆ రాత్రే మావయ్యకి వాట్సాప్‌లో పంపి, ఇక్కడ మూతబడ్డ కాంప్లెక్సులో షట్టరుకో మేళం ఉంది మావయ్యా అని రాశాను. మనకి అప్పుడు తెల్లవారుజాము. పొద్దున లేచేసరికి మూడు వాయిస్ మెసేజీలు. మొదటిదాంట్లో ఏమీ లేదు, దగ్గు. రెండోదాంట్లో, "డ్రమ్ము కొట్టేవాడు తొందరపడుతున్నాడు అల్లుడూ, పాటకంటే ముందు పరిగెడుతున్నాడు, చెప్పు వాడికి."

మూడోది, "షట్టరు అద్దె ఎంతంట?"

అది అడగలేదు నేను.