అచ్చు ఎక్కడ పడింది?

పుస్తకం చేతికి రాగానే ముందుగా ప్రచురణ వివరాలున్న పేజీ తిప్పి చూడడం నాకు చిన్ననాటి అలవాటు. పర్లాకిమిడిలో మా నాన్నగారు నడిపిన ప్రెస్సులో పెరిగినవాణ్ణి కావడం వల్ల, రాసినవారి పేరు కంటే ముందు ఎవరు వేశారు, ఎక్కడ వేశారు అన్నదే నా కళ్ళు వెతుకుతాయి. రెండేళ్ళ క్రితం చెన్నైలో చదువుకుంటున్న మా మేనకోడలు సెలవులకు వస్తూ ఒక చిన్న ఇంగ్లీషు నవల తెచ్చి ఇచ్చింది. రచయిత్రి బలరాబా రమత్ యాకుబు, ఊరు ఉత్తర నైజీరియాలోని కానో, మూలభాష హౌసా, ఇంగ్లీషులోకి మార్చినవారు అలియు కమాల్, ప్రచురించినవారు చెన్నైలోని బ్లాఫ్ట్ సంస్థవారు, 2012లో. పశ్చిమాఫ్రికా నవల అంటే లండన్‌లోనో న్యూయార్క్‌లోనో అచ్చయి, బహుమతి ముద్ర వేయించుకుని, ఆ తరువాతే మనవైపు రావాలని అనుకుంటూ ఉండేవాణ్ణి. ఈ పుస్తకం ఆ తోవ తొక్కకుండా కానో నుంచి నేరుగా చెన్నైలో దిగింది. అప్పటి నుంచి ఆ ప్రాంతపు రచయితలు ఎలా బతికారు, ఏ పని చేసుకుంటూ రాశారు, వారి పుస్తకాలకు అచ్చు ఎక్కడ పడింది అన్న విషయాలను పట్టుదలగా చదువుతూ వస్తున్నాను.

బలరాబా 1959లో పుట్టారు. నైజీరియా దేశాధినేతగా ఉంటూ 1976లో హత్యకు గురైన జనరల్ ముర్తలా ముహమ్మద్ ఆమెకు అన్నగారు. అంతటి ఇంటి ఆడపిల్లకైనా బాల్యం దాటకముందే పెళ్ళి చేసేశారు; ఆ కాపురం నిలవలేదు; పుట్టింటికి తిరిగి వచ్చాకే ఆమె వయోజన విద్యా తరగతులలో చేరి చదువుకున్నారు. 1980ల చివరి నుంచి హౌసాలో నవలలు రాయడం మొదలుపెట్టారు. ఒక నవల పేరుకు అర్థం 'చదువురాని దాన్ని ఎవరు పెళ్ళాడతారు' అని. నా చేతికి వచ్చిన నవల పేరు, చేసిన పాపం కుక్కపిల్లలాగా యజమాని వెంటే వస్తుందనే హౌసా సామెత నుంచి తీసుకున్నది. అందులో రబీ అనే ఇల్లాలు తొమ్మిదిమంది పిల్లల తల్లి. మొగుడు మరొకతెను తెచ్చుకుని వీళ్ళందరినీ వీధిలోకి నెడితే, ఆమె వంట చేసి అమ్మి పిల్లలను పెంచుతుంది. ఈ కథలో నాకు పరాయిదనిపించినది ఏదీ లేదు.

ఈ నవలలను అక్కడివాళ్ళు 'సోయయ్య' పుస్తకాలంటారు, అంటే ప్రేమ పుస్తకాలని. రచయిత్రులు చాలామంది సొంత డబ్బు పెట్టి చిన్న ప్రెస్సులో వేయించుకుని, పెద్ద కథ అయితే ఒకటో భాగం, రెండో భాగం అని విడివిడిగా కుట్టించి, కానో బజారు దుకాణాలలో అమ్మకానికి పెట్టేవారు. మన హిందీ సినిమాలంటే ఆ ప్రాంతంలో దశాబ్దాలుగా ఉన్న మోజు ఈ కథలలోకీ దిగిందని అక్కడి సాహిత్యాన్ని పరిశీలించినవారు రాశారు. పెద్దలకు ఈ పుస్తకాలు గిట్టలేదు. ఆడవాళ్ళు రాస్తున్నారు, ఆడపిల్లలు చదువుతున్నారు, బాల్యవివాహాన్నీ సవతిపోరునీ బయట పెడుతున్నారు అన్నది వారి కోపం. 2007లో కానో రాష్ట్ర గవర్నరు ఒక బాలికల పాఠశాలలో ఇటువంటి పుస్తకాలను కుప్ప పోయించి తగలబెట్టే కార్యక్రమం జరిపించారు. పుస్తకాన్ని అక్షరం అక్షరంగా పేర్చే ఇంట్లో పుట్టినవాణ్ణి. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

మా నాన్నగారి ప్రెస్సులో గోడవారగా రెండు టైపు కేసులు ఉండేవి, ఒకటి తెలుగుది, ఒకటి ఒడియాది. తెలుగు కేసులో వత్తులకు వేరే గళ్ళు; చీకట్లో కూడా నాన్నగారి వేళ్ళు 'క్ష' గడికి తప్పకుండా వెళ్ళేవి. ఆడపెళ్ళివారు తెలుగువారు, మగపెళ్ళివారు ఒడియావారు అయిన శుభలేఖకు ఒక వైపు ఒక లిపి, రెండో వైపు రెండో లిపి కంపోజు చేసి, ట్రెడిల్ మీద వేసి, తీగ మీద ఆరవేసేవారు. ఇప్పుడు కంప్యూటరు వచ్చింది, సీసపు అక్షరాలు సంచులలో మూలన ఉన్నాయి, కానీ శుభలేఖలు మాత్రం ఇప్పటికీ రెండు లిపులలోనే వెళుతున్నాయి. కథల పుస్తకాలు వేయించుకోవడానికి వచ్చేవారు ఏడాదికి ఒకరో ఇద్దరో. ఒకసారి పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు పింఛను డబ్బుతో మూడు వందల ప్రతులు వేయించుకున్నారు. రెండు వందలు అమ్మి పెడతానని తీసుకువెళ్ళిన ఒక దుకాణదారు ఆయనకు పైసా ఇవ్వలేదు, పుస్తకాలూ తిరిగి రాలేదు. అందుకే నైజీరియా రచయిత హెలోన్ హబీలా సంగతి చదివినప్పుడు అది నాకు మా వీధిలో జరిగినట్టే తోచింది.

హబీలా 1967లో ఈశాన్య నైజీరియాలోని కల్తుంగోలో పుట్టి, లాగోస్ చేరి పత్రికలలో పనిచేశారు. అప్పటికి ఆ దేశంలో పుస్తక ప్రచురణ దాదాపు చచ్చిపోయి ఉంది. 1962లో లండన్‌కు చెందిన హైనెమన్ సంస్థ ఆఫ్రికా రచయితల వరుసను మొదలుపెట్టినప్పుడు దానికి తొలి సంపాదకుడు నైజీరియా రచయిత చినువా అచెబేనే. ఆ పుస్తకాలకు బడులలో, కళాశాలలలో గిరాకీ ఉండేది. 1986లో ప్రభుత్వం ఆర్థిక సర్దుబాటు చేపట్టి తమ కరెన్సీ నైరా విలువను పడిపోనిచ్చాక, దిగుమతి మీద నడిచే కాగితం, సిరా, యంత్రాల ధరలు ఆకాశాన్నంటాయి, ప్రచురణకర్తలు ఒకరొకరుగా తప్పుకున్నారు. కాగితం రీము ధర పెరిగితే ముందుగా కోతపడేది కవిత్వమూ కథలూ అని ప్రెస్సు నడిపేవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. హబీలా 2000లో తన ఖర్చుతోనే 'ప్రిజన్ స్టోరీస్' అనే కథల పుస్తకం వేసుకున్నారు. అందులోని ఒక కథలో, సైనిక పాలనలో జైలు పాలైన విలేకరి చేత జైలు అధికారి తన ప్రియురాలికి పంపేందుకు ప్రేమ కవితలు రాయించుకుంటాడు. ఆ కథకు 2001లో, ఆఫ్రికా కథలకు ఇచ్చే కేన్ బహుమతి వచ్చింది. ఆ తరువాత పెద్ద ప్రచురణ సంస్థలూ, విదేశీ విశ్వవిద్యాలయాలూ తలుపులు తెరిచాయి. ఆయన అమెరికాలో అధ్యాపకులయ్యారు. సొంతంగా వేసుకున్న ఆ పుస్తకమే లేకపోతే బహుమతికి పంపడానికి అచ్చయిన కథ ఉండేదే కాదు.

నైజీరియా నవలా రచయిత్రి చిమమాండా అడీచీ గురించి తెలుగువారికి కొత్తగా చెప్పవలసింది తక్కువ కాబట్టి ఆమె ఖ్యాతిని వదిలి, నాకు ముఖ్యమనిపించిన రెండు సంగతులే రాస్తాను. ఆమె పెరిగింది న్సుక్కా విశ్వవిద్యాలయ ఆవరణలో. తండ్రి సంఖ్యాశాస్త్ర ఆచార్యులు, తల్లి అక్కడ రిజిస్ట్రారు పదవికి వచ్చిన తొలి మహిళ, వారున్న ఇంట్లో అంతకుముందు అచెబే కాపురమున్నారు. వైద్యవిద్య మధ్యలో వదిలి పందొమ్మిదేళ్ళకు అమెరికా వెళ్ళిన ఆమె తొలి నవల 2003లో అక్కడే వెలువడింది. అయితే మరుసటి ఏడాదే ఆ నవల లాగోస్‌లోని ఫరాఫినా ముద్రతో స్వదేశంలోనూ వచ్చింది. ఫరాఫినాను పెట్టిన ముహ్తార్ బకారే బ్యాంకు ఉద్యోగం వదిలిపెట్టి ప్రచురణలోకి వచ్చిన మనిషి. ఆ సంస్థతో కలిసి అడీచీ 2007 నుంచి లాగోస్‌లో కొత్త రచయితలకు శిక్షణ శిబిరాలు నడిపారు. అబుజాలో 2006లో మొదలైన కాసావా రిపబ్లిక్ అనే ప్రచురణ సంస్థ మరో అడుగు ముందుకు వేసి, పదేళ్ళ తరువాత లండన్‌లో కార్యాలయం తెరిచింది. అబుజా సంస్థ లండన్‌కు వెళ్ళి దుకాణం పెట్టిందన్న వార్త చదివిన రోజు నాకు కలిగిన సంతోషం చాలా కాలం నిలిచింది.

ఉద్యోగం వదలకుండానే రాస్తున్నవారూ ఉన్నారు. జోస్ నగరంలో 1979లో పుట్టిన అబూబకర్ ఆదం ఇబ్రహీం అబుజాలో పత్రికా విలేకరి. యాభై అయిదేళ్ళ వితంతువు ఒక యువకుడి మీద పెంచుకున్న ప్రేమను, ముస్లిం సంప్రదాయం బలంగా ఉన్న సమాజం మధ్యలో పెట్టి ఆయన రాసిన నవలకు 2016లో నైజీరియా సాహిత్య బహుమతి దక్కింది. సహజవాయువు సంస్థ ఒకటి ఇచ్చే ఆ బహుమతి మొత్తం లక్ష డాలర్లు. గ్యాసు డబ్బుతో సాహిత్యమేమిటని అడిగేవారుండవచ్చు. నేను మాత్రం ఆ డబ్బు అక్కడే ఉండి రాసేవారికి చేరినందుకు సంతోషించేవాణ్ణే.

ఘనాకు చెందిన అమా అటా ఐడూ మాత్రం ఈ అందరిలో నాకు ఎక్కువ గౌరవం కలిగించిన వ్యక్తి. నాటకాలు, కథలు రాసి పేరు తెచ్చుకున్న ఆమె 1982లో తమ దేశానికి విద్యామంత్రి అయ్యారు. అనుకున్నది చేయలేనని తేలాక ఏడాదిన్నరకే పదవి వదిలి జింబాబ్వే వెళ్ళిపోయారు, అక్కడ పిల్లల పాఠ్యపుస్తకాల పనిలోనూ పాలుపంచుకున్నారు. 2000లో స్వదేశంలో 'మ్బాసెమ్' అనే సంస్థను నెలకొల్పారు. ఆ మాటకు ఆడవాళ్ళ సంగతులు అని అర్థం. ఆడవాళ్ళు రాసుకోవడానికి చోటు, తీరిక, తోడు కల్పించడం దాని పని. పొరుగు నైజీరియా నుంచి లండన్ వెళ్ళిన బుచీ ఎమెచెటా తొలి నవల రాతప్రతిని భర్తే తగలబెట్టాడు, ఆమె అయిదుగురు పిల్లలతో విడిగా బతుకుతూ దాన్ని మళ్ళీ రాసుకున్నారు. ఇది తెలిసినవారికి ఐడూ తలపెట్టిన పని ఎంత అవసరమో అర్థమవుతుంది. ఐడూ 2023 మే 31న కన్నుమూశారు.

సెనెగల్ విషయానికి వచ్చేసరికి మా ఊరు గుర్తుకు రాక మానదు. బూబకర్ బోరిస్ జోప్ 1946లో డకార్‌లో పుట్టారు. ఉపాధ్యాయుడిగా, పత్రికా రచయితగా పనిచేస్తూ ఫ్రెంచిలో నవలలు రాశారు. 1998లో కొందరు ఆఫ్రికా రచయితలతో కలిసి ర్వాండా వెళ్ళి, నరమేధం జరిగిన చోట్లు చూసి, 2000లో 'మురాంబి' నవల వెలువరించారు. ఆ ప్రయాణం తరువాత ఫ్రెంచిని మునుపటిలా చూడలేకపోయారు. 2003లో తల్లిభాష వోలోఫ్‌లో 'దోమి గోలో' రాశారు. కొన్నేళ్ళకు దాన్ని తానే ఫ్రెంచిలో తిరగరాశారు. 2016లో ఆయన పూనికతో ఫ్రెంచి పుస్తకాలను వోలోఫ్‌లోకి తెచ్చే వరుస మొదలై, ఒక సెనెగల్ ఇల్లాలి గురించి మరియామా బా ఫ్రెంచిలో రాసిన సుప్రసిద్ధ లేఖానవల అందులో వోలోఫ్‌లో వెలువడింది. సెనెగల్ ఇల్లాలి బాధను సెనెగల్ భాషలోకి తేవడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది.

ఇది చదువుతుంటే నాకు గిడుగు రామమూర్తి పంతులుగారు కళ్ళ ముందు కదిలారు. మా పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, కొండలలోని సవరల భాష నేర్చుకుని, సొంత డబ్బుతో వారికి బడులు పెట్టి, ఆ భాషకు పుస్తకాలు తయారు చేసిన మనిషి. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు. జోప్‌ను, పంతులుగారిని ఒకచోట కూర్చోబెట్టగలిగితే వారి సంభాషణ ఏ భాషలో మొదలయినా తొందరలోనే అచ్చు ఖర్చు దగ్గరికి వచ్చేదని నా నమ్మకం.

జోప్ పేరు మరో చోట కూడా వస్తుంది. ఆయనా, మరికొందరూ కలిసి సెనెగల్‌లో 'జిమ్సాన్' అనే ప్రచురణ సంస్థను స్థాపించారు. 2021లో సెనెగల్ రచయిత మొహమెద్ మ్బుగర్ సార్ నవలకు ఫ్రాన్స్‌లోని ప్రఖ్యాత సాహిత్య బహుమతి గోంకూర్ లభించినప్పుడు, ఆ పుస్తకం మీద పారిస్ సంస్థ పేరుతో పాటు జిమ్సాన్ పేరు కూడా ఉంది. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా నుంచి ఆ బహుమతి పొందిన తొలి రచయిత సార్; అప్పటికి ఆయన వయసు ముప్పై ఒకటి. బహుమతి సొమ్ము పది యూరోలు మాత్రమే, కానీ ఆ పేరు పడిన పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడవుతుంది. ఆయన ఆ నవలను మాలి రచయిత యాంబో ఉవొలొగెమ్‌కు అంకితమిచ్చారు. 1968లో పారిస్‌లో రెనోదో బహుమతి అందుకున్న ఉవొలొగెమ్, ఇతరుల వాక్యాలు వాడుకున్నారన్న ఆరోపణతో నిందల పాలై, స్వదేశానికి వెళ్ళిపోయి, 2017లో మరణించేదాకా సాహిత్యలోకానికి మొహం చూపలేదు. నెత్తిన పెట్టుకున్న నగరమే కింద పడేస్తే రచయితకు నిలబడడానికి సొంత ఊళ్ళో ఒక ప్రచురణకర్త అయినా ఉండాలి. ఘనాలో పుట్టిన అయి క్వే ఆర్మా ఆ సంగతి తెలిసే కాబోలు, సెనెగల్ తీరంలోని పొపెంగీన్ అనే ఊళ్ళో స్థిరపడి, 'పెర్ ఆంఖ్' పేరుతో తన పుస్తకాలను తామే వేసుకునే ఏర్పాటు చేసుకున్నారు.

మా ప్రెస్సు ఎదుట ఇడ్లీ కొట్టు నడిపే ఒక తల్లి ఉంది. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు, మగదిక్కు లేదు. మధ్యాహ్నం కొట్టు కట్టేశాక మా అరుగు మీద కూర్చుంటుంది. బలరాబా నవలలోని రబీ కథను నేను రోజుకు కొంత చొప్పున తెలుగులో ఆమెకు చెబుతూ వచ్చాను. మొగుడు తరిమేసిన ఘట్టం దగ్గర ఆమె ఏమీ అనలేదు. రబీ వండి అమ్మడం మొదలుపెట్టిందని చెప్పినప్పుడు మాత్రం పైట చెంగుతో చేతులు తుడుచుకుంటూ, "అరువులిచ్చీదా బాబూ ఆయమ్మ?" అని అడిగింది. నాకు గుర్తు రాలేదు. లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి, ఆమె ఎదురుగానే ఆ పేజీలు వెతకడం మొదలుపెట్టాను.