మూడు వందల దగ్గర ఆగిపోయిన లెక్క

నెల్లూరు చిన్నబజారులో మాకు జాకెట్టు గుడ్డల దుకాణం ఉంది. మీటరు 120 చొప్పున రెండున్నర మీటర్లు, పైన లైనింగుకు 60. గుడ్డ కత్తిరిస్తూనే 360 అని చెప్పేసేదాన్ని. కావలి దగ్గర హైవే మీద మా బైకు జారి, నుదుటి వెనుక మెదడు కమిలిన తరువాత అది చేతకాలేదు. 300 దాకా వచ్చేదాన్ని. లైనింగు సంగతి తలచుకునేలోపు ఆ 300 కాస్తా ఎగిరిపోయేది. మళ్లీ మొదటికి.

ఇంట్లో అందరూ మతిమరుపు అన్నారు. నాకు మింగుడు పడలేదు. ఏ ఆవిడ ఏ రంగు అడుగుతుందో, ఎవరి పాత బాకీ ఎంతో అన్నీ గుర్తున్నాయి. మతిమరుపైతే అవీ పోవాలి కదా!

నరాల డాక్టరు గారు "7, 2, 9. వెనక నుంచి చెప్పండమ్మా" అన్నారు. 9 అన్నాను. అంతే, తరువాతది రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

జ్ఞాపకాలను పదిలపరచడంలో మెదడు లోపలి హిప్పోకాంపస్ అనే భాగానిది ముఖ్యపాత్ర అనీ, నాకు అక్కడ దెబ్బ తగల్లేదనీ ఆయన చెప్పారు. పని సాగినంతసేపు విషయం చెదరకుండా పట్టి ఉంచడానికి నుదుటి వెనుక ఉన్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ కావాలట. 1971లో ఫస్టర్ అనే శాస్త్రవేత్త బృందం కోతి చూస్తుండగా రెండు వస్తువుల్లో ఒకదాని కింద తిండి దాచి, తెర దించింది. కంటికి ఏమీ కనిపించకపోయినా, తెర లేచేదాకా ఆ భాగంలోని కొన్ని నాడీకణాలు చురుగ్గానే ఉన్నాయి. "మీ 300ను నిలబెట్టాల్సింది అలాంటి కణాలే" అన్నారు. ఆ మాటతో నాకు ఎంత ధైర్యం వచ్చిందో! ఆరోగ్యంగా ఉన్నవారు కూడా ఒకేసారి నిలుపుకోగలిగేది ఓ నాలుగు విషయాలేనట.

రాత్రుళ్లు మనవరాలు అంకెలు చెప్తే నేను తిప్పి చెప్పేదాన్ని. అంకెల సాధన అంకెల వరకే ఎక్కువగా పనికొస్తుందని, దుకాణం లెక్కలు దుకాణంలోనే చేయాలని డాక్టరు గారు పంపించారు. గుడ్డ ధర చీటీ మీద రాశాకే లైనింగు కొలిచేదాన్ని. నేను లెక్కలో ఉన్నంతసేపు మా కోడలు టీ తాగుతారా అని కూడా అడిగేది కాదు. మా వారికి ఆ ఓపిక ఆలస్యంగా వచ్చింది. నిద్ర చాలని రోజు చీటీ ఉన్నా తడబడేదాన్ని.

మొన్న సంక్రాంతి రద్దీలో మూడు రకాల గుడ్డలకు మొత్తం ఎంతో చీటీ లేకుండా చెప్పాను. ఇద్దరు ఒక్కసారే అడిగితే మాత్రం ఇప్పటికీ లెక్క తప్పుతోంది. "అమ్మా, ఈవిడది కానివ్వండి" అంటున్నాను. ఎవరూ కాదనడం లేదు.